కొల్లూరు నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసుకి సోలార్ ట్రాక్ మీద రోజూ సైకిల్: వెళ్లొచ్చు, కానీ ట్రాక్ కంటే ముందు ఆ రెండు చివర్లు చూసుకో

చెల్లీ అని పిలుస్తున్నా, ఏమనుకోకు, వయసులో బాగా పెద్దదాన్ని. నీ ప్రశ్న రెండు సార్లు చదివా. ఇల్లు కొల్లూరు, ఆఫీసు నానక్‌రామ్‌గూడ, ఒకవైపుకే 18 కిలోమీటర్లు, హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా దాని మీద రోజూ వెళ్లిరావచ్చా, 25 వేల లోపు ఎలాంటి సైకిల్ కొనాలి, బ్యాటరీదా మామూలుదా, ఫ్రేమ్ సైజు ఎంత, చెమట సంగతేంటి, చీకటి పడితే ఎలా, అమ్మ భయపడుతోంది ఏం చెప్పాలి. ఇవీ నువ్వడిగినవి.

వెళ్లొచ్చు. నేను వెళ్తున్నా. నాకు 47, మాది తెల్లాపూర్, ఆఫీసు నానక్‌రామ్‌గూడ వైపే. 2023 అక్టోబరు 1న ట్రాక్ తెరిచారు, ఆ నెల నుంచే మొదలుపెట్టా, వానాకాలం ఎండాకాలం అన్నీ చూశా, ఇప్పుడు వారానికి మూడు రోజులు సైకిల్ మీదే ఆఫీసు. కాబట్టి ఇదంతా నా ఒంటి మీద తెలిసిన సంగతే రాస్తున్నా.

ముందు ట్రాక్ గురించి క్లుప్తంగా, ఎందుకంటే చాలామంది అది ఒకటే దారి అనుకుంటారు. మొత్తం 23 కిలోమీటర్లు, రెండు లైన్లు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా బ్లూ లైన్, 14.5 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు పింక్ లైన్, 8.5. నువ్వు కొల్లూరులో ఎక్కి బ్లూ లైన్ మీద నార్సింగి దాకా వచ్చి అక్కడ పింక్ లైన్‌కి మారి నానక్‌రామ్‌గూడ వైపు తిరగాలి. వెడల్పు నాలుగున్నర మీటర్లు, మూడు లేన్లు, కాబట్టి ఎదురుగా వచ్చేవాళ్లున్నా ముందున్న వాళ్లని దాటొచ్చు. పైన కప్పు మీద 16 మెగావాట్ల సోలార్ ప్యానెళ్లు. దక్షిణ కొరియాలో హైవే మధ్యలో ఇలాంటిది కట్టారు, అది చూసి మన దగ్గర కట్టారు. ఇంకోటి, ఓఆర్ఆర్ మెయిన్ క్యారేజ్‌వే (కార్లు పోయే అసలు రోడ్డు) మీదకి బైకులనే రానివ్వరు, సైకిల్ సంగతి అసలే లేదు, కాబట్టి ఈ ట్రాక్ లేకపోతే మనకి మిగిలేది సర్వీస్ రోడ్డు, టిప్పర్ల మధ్య. అందుకే నాకు ఈ ట్రాక్ అంటే అంత ఇష్టం, ఇది ఉండబట్టే నేను ఈ వయసులో సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లగలుగుతున్నా.

ఇక అసలు విషయం. ట్రాక్ మీద నువ్వు ఉండే గంట నీకు ఏ కష్టమూ ఉండదు. నీ ప్రయాణం నిలబడేదీ ఆగిపోయేదీ ఆ రెండు చివర్ల దగ్గర. ఇంటి గేటు నుంచి ట్రాక్ ఎక్కే చోటు దాకా ఉన్న ముక్క, ట్రాక్ దిగిన చోటు నుంచి నీ సీటు దాకా ఉన్న ముక్క. నాకు తెలిసి సైకిల్ కొని నెల తిరక్కుండా బాల్కనీలో పెట్టేసిన వాళ్లలో ఒక్కరు కూడా ట్రాక్ బాలేదని మానలేదు, అందరూ ఈ చివర్ల దగ్గరే అలిసిపోయారు. ట్రాక్‌కి ఎక్కడ పడితే అక్కడ ఎక్కే వీలు లేదు, కొన్ని చోట్లే ఉంది, మ్యాపులో మీ అపార్ట్‌మెంట్‌కి ట్రాక్ రెండొందల మీటర్లే కనిపించొచ్చు కానీ ఎక్కే చోటు రెండు కిలోమీటర్ల అవతల ఉండొచ్చు, నువ్వు చెప్పిన ఆ 18 ఇది కలిపా కలపకుండానా ముందు అది చూసుకో.

ఈ చివర్లలో నేను భయపడేది ఒక్కదానికే, లారీలకి. కోకాపేట, నార్సింగి, నానక్‌రామ్‌గూడ అంతా కడుతూనే ఉన్నారు కదా, పొద్దున్నే ఇసుక టిప్పర్లు, రెడీమిక్స్ కాంక్రీటు లారీలు సర్వీస్ రోడ్డు మీదే తిరుగుతాయి. రెండేళ్ల కిందట ట్రాక్ దిగి ఆఫీసు రోడ్డుకి వెళ్తుంటే ఒక రెడీమిక్స్ లారీ నా కుడిపక్కన నెమ్మదిగా వస్తోంది, ఆగుతుందేమో అనుకుని నేను ఎడమ అంచు నుంచి ముందుకి పోబోయా, అది ఇండికేటర్ లేకుండా ఎడమకి తిప్పేసింది. నేను ఫుట్‌పాత్ మీదకి ఎక్కేసి పడ్డా, మణికట్టు బెణికింది, మూడు వారాలు కట్టు. డ్రైవర్‌కి నేను కనిపించనే లేదు, క్యాబిన్ అంత ఎత్తులో కూర్చున్నవాడికి ఎడమపక్కన కింద ఉన్న సైకిల్ కనపడదు, అద్దంలో కూడా. ఆ రోజు నుంచి నా నియమం ఒకటే, మలుపు దగ్గర లారీ ఉంటే నేను దాని వెనకే, బాగా వెనక, దాని రెండు అద్దాలూ నాకు కనపడేంత దూరంలో ఉంటా. ఎంత ఆలస్యమైనా సరే. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ చిన్న విషయాలే. ఇంకా ఆ లారీల నుంచి రాలిన ఇసుక, సన్న కంకర మలుపుల్లో పేరుకుని ఉంటుంది, దాని మీద బ్రేకు వేస్తే ముందు చక్రం జారుతుంది, మలుపుకి ముందే స్పీడు తగ్గించుకుని మలుపులో బ్రేకు ముట్టుకోకుండా వెళ్లు. రాంగ్ సైడ్‌లో వచ్చే బైకుల గురించి నీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి కొనకముందే ఒక పని చెయ్. ఎవరి సైకిలైనా అడిగి తీసుకో, ఒక ఆదివారం పొద్దున ఖాళీ రోడ్ల మీద ఇంటి నుంచి ఆఫీసు గేటు దాకా మొత్తం దారి ఒకసారి వెళ్లు, ఎక్కడ ఎక్కాలి ఎక్కడ దిగాలి ఎక్కడ రోడ్డు దాటాలి తెలుస్తుంది. కానీ ఆదివారం చూసి నిర్ణయం తీసుకోకు. ఆదివారం ట్రాక్ వేరు, మంగళవారం ట్రాక్ వేరు. ఆదివారం కార్ల వెనక సైకిళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు, పిల్లలు, ఫొటోలు దిగేవాళ్లు, గుంపుగా ముప్పై స్పీడులో పోయే రోడ్‌బైక్ కుర్రాళ్లు. మంగళవారం ఏడింటికి వెళ్తే చాలాసేపు నువ్వూ నీ చెయిన్ చప్పుడూ తప్ప ఏమీ ఉండదు. మామూలు రోజు ఇంకోసారి వెళ్లు, ఆఫీసు టైముకి, అప్పుడు రోడ్డు నిజం తెలుస్తుంది.

టైము సంగతి. కొత్తలో గంటకి 15, 16 కిలోమీటర్లు వస్తుంది, అంటే 18కి గంటా పది నిమిషాలు. అలవాటయ్యాక గంట. కారులో కూడా సాయంత్రం ట్రాఫిక్‌లో దాదాపు అంతే పట్టే రోజులున్నాయి, కానీ పొద్దున త్వరగా బయల్దేరితే కారే ముందు చేరుతుంది, అది ఒప్పుకోవాలి, టైము మిగులుతుందని సైకిల్ ఎక్కితే నిరాశపడతావు. నాకు మిగిలింది టైము కాదు, బాగుపడ్డ మోకాళ్లు, మంచి నిద్ర. డాక్టరు నడవమని చెప్పిన నాలుగేళ్లు నడవలేదు, ఇప్పుడు విడిగా నడవాల్సిన పనే లేదు.

మొదట్లోనే రోజుకి 36 కిలోమీటర్లు పెట్టుకోకు, దయచేసి. నేను చేసిన పని చెప్తా, ఇది చాలామందికి చెప్పా, అందరికీ పనిచేసింది. సోమవారం పొద్దున సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లు, సైకిల్ అక్కడే సెల్లార్‌లో తాళం వేసి సాయంత్రం క్యాబ్‌లోనో ఎవరి కారులోనో ఇంటికి వచ్చెయ్. మంగళవారం పొద్దున క్యాబ్‌లోనే వెళ్లి సాయంత్రం సైకిల్ మీద రా. బుధవారం రెస్టు. అంటే రోజుకి ఒకవైపే. నాలుగు వారాలు ఇలా చేశాక రెండువైపులా మొదలుపెట్టు. మొదటి పది రోజులు కూర్చునే చోట నొప్పి ఉంటుంది, అది పోతుంది, దానికోసం మెత్తటి జెల్ సీటు కవర్ కొనకు, దూరం వెళ్లేకొద్దీ అది ఇంకా ఒరుసుకుంటుంది. కానీ మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తే మాత్రం అలవాటుతో పోయేది కాదు, సీటు కిందకి ఉన్నట్టు. మడమ పెడల్ మీద పెట్టి పెడల్ అడుగుకి తొక్కితే కాలు తిన్నగా అవ్వాలి, అప్పుడు మునివేళ్లతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదీ సరైన ఎత్తు. మన ఆడవాళ్లు కాళ్లు రెండూ నేలకి ఆనాలని సీటు బాగా దించేసుకుంటారు, మోకాళ్లు పోయేది అక్కడే.

సైకిల్. షాపుకి వెళ్తే లావు టైర్లు, ముందు సస్పెన్షన్ (స్ప్రింగు) ఉన్న ఎంటీబీ, అంటే కొండదారుల సైకిల్ చూపిస్తారు, చూడ్డానికి బాగుంటుంది, తీసుకోకు. నువ్వు తొక్కే దమ్ములో కొంత ఆ స్ప్రింగే తినేస్తుంది, బరువు కూడా ఎక్కువ. నీకు కావాల్సింది హైబ్రిడ్, అంటే రోడ్‌బైక్‌కీ ఎంటీబీకీ మధ్య రకం, సస్పెన్షన్ లేని ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే కాళ్లు), 700 సైజు చక్రం, 35 లేదా 38 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, వెనక ఏడు గేర్లు ఉంటే చాలు. నీ బడ్జెట్‌లో వస్తుంది. 25 వేలూ సైకిల్ మీదే పెట్టెయ్యకు, నాలుగైదు వేలు పక్కన ఉంచు, హెల్మెట్, ముందు వెనక లైట్లు, మడ్‌గార్డులు, క్యారియర్, మంచి తాళం, పంపు, అదనపు ట్యూబు, ఇవన్నీ విడిగా కొనాల్సిందే, షాపువాళ్లు ఇవి లేకుండానే రేటు చెప్తారు. బెల్లు తప్పనిసరి, ట్రాక్ మీద నడిచేవాళ్లు ఉంటారు, చెవుల్లో పాటలు పెట్టుకుని, చాలా దూరం నుంచే కొట్టు, దగ్గరికొచ్చి కొడితే ఉలిక్కిపడి నీ వైపే జరుగుతారు.

బ్యాటరీ సైకిల్ గురించి కూడా అడిగావు. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 దాటని స్పీడు ఉన్నవాటికి లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ అక్కర్లేదు. నీ బడ్జెట్ కొంచెం దాటుతుంది. మోకాలి సమస్య ఉన్నవాళ్లకి, ఎండాకాలంలో చెమట వద్దనుకునే వాళ్లకి మంచిదే, తొక్కుతూ ఉంటే సాయం చేసే రకం తీసుకోవాలి, యాక్సిలరేటర్ తిప్పితే పోయే రకం తీసుకుంటే నాలుగు రోజుల్లో తొక్కడం మానేస్తాం. నీకు 31 అన్నావు కాబట్టి ముందు మామూలుదే కొను.

టైర్లలో గాలి వారానికి ఒకసారి చూసుకో, ఇది నేను ఎంత చెప్పినా ఎవరూ వినరు. 35 టైరుకి గాలి ఒత్తిడి 55, 60 పీఎస్ఐ ఉండాలి, ఇంట్లో గేజు ఉన్న నిలువు పంపు ఒకటి ఉంచుకో. మన పంక్చర్లలో సగం ముల్లు గుచ్చుకుని కాదు, గాలి తక్కువైన టైరు గుంతలో పడి ట్యూబు రిమ్‌కి నొక్కుకుని, ట్యూబు మీద పక్కపక్కనే రెండు చిల్లులు కనిపిస్తాయి, అవి చూస్తే అర్థమైపోతుంది. ట్యూబు మార్చడం ఇంట్లో నాలుగు సార్లు ప్రాక్టీసు చెయ్, వెనక చక్రంతో సహా. ట్రాక్ మధ్యలో పంక్చర్ అయితే చుట్టూ షాపు ఉండదు, తోసుకుంటూ నాలుగు కిలోమీటర్లు నడవాలి. మొదటి ఏడాది జూలైలో నేను అలాగే నడిచా, ఒక అపార్ట్‌మెంట్‌లో నైట్ డ్యూటీ చేసి ఇంటికి పోతున్న వాచ్‌మన్ ఆగి పది నిమిషాల్లో ప్యాచ్ వేసి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఆయన ముప్పై ఏళ్లుగా సైకిల్ మీదే పనికి వెళ్తున్నాడట.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాయాలి. సైకిల్ మీద పనికెళ్లేవాళ్లు మన ఊళ్లో ఎప్పటినుంచో ఉన్నారు. పొద్దున ఏడింటికి కోకాపేట దగ్గర సర్వీస్ రోడ్డు చూడు, హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్ తగిలించుకుని సైటుకి పోయే మేస్త్రీలు, రాడ్ బెండింగ్ వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, అందరూ ఆ టిప్పర్ల పక్కనే పోతుంటారు, పక్కనే ట్రాక్ ఖాళీగా ఉంటుంది. వాళ్లు ఉండేది ఒకచోట, ఎక్కే దారి ఇంకోచోట, రెండు కిలోమీటర్లు వెనక్కి వెళ్లి ఎక్కి రమ్మంటే ఎవరు వస్తారు. కారులో సైకిల్ తెచ్చుకునేవాళ్ల పార్కింగ్‌కి ఇచ్చినంత ఆలోచన వీళ్లకి కూడా ఇచ్చి ఇంకో పది చోట్ల చిన్న దారి తెరిస్తే ఈ ట్రాక్ నిండిపోతుంది, నేను గట్టిగా నమ్ముతా. అధికారులకి అర్జీ పెట్టాం కొందరం కలిసి, మళ్లీ పెడతాం, నువ్వు కూడా సంతకం పెట్టు. మామూలు రోజుల్లో వాడేవాళ్లు కనపడకపోతే ఆ స్థలం మీద ఇంకెవరి కన్నో పడుతుందని నా భయం.

ఎండ సంగతికి వస్తా. కప్పు ఉంది కదా ఎండ తగలదు అనుకుంటారు. నడినెత్తిన ఉన్నప్పుడు తగలదు. కానీ మనం వెళ్లేది ఏడు ఎనిమిది మధ్య, వచ్చేది ఐదున్నర ఆరు మధ్య, ఆ టైములో సూర్యుడు కప్పు కిందనుంచే వస్తాడు. పొద్దున మనం దక్షిణానికి వెళ్తాం, ఎండ ఎడమపక్క, సాయంత్రం ఉత్తరానికి వస్తాం, పడమటి ఎండ మళ్లీ ఎడమపక్కే. నా ఎడమ చెయ్యి కుడిచేతి కంటే స్పష్టంగా నల్లబడింది. ఫుల్ స్లీవ్స్ వేసుకో, కళ్లద్దాలు పెట్టుకో, చలికాలం పొద్దున ఎండ దాదాపు ఎదురుగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నేను ఆరుకే బయల్దేరతా, సాయంత్రం మాత్రం ఆరున్నర దాకా ఆఫీసులోనే ఉండి ఎండ దిగాక వస్తా. 42 డిగ్రీలు దాటిన రోజు తియ్యను. ఒకవైపుకి ముప్పావు లీటరు నీళ్లు, ఇంటికి రాగానే ఉప్పేసిన మజ్జిగ.

వానకి కప్పు బాగా పనికొస్తుంది, సన్న జల్లు అసలు తెలీదు, కానీ గాలివాన అయితే పక్కనుంచి కొడుతుంది, ప్యానెళ్ల సందుల్లోంచి ధారలు పడతాయి, ఆ తడి గీతల మీద పెయింటు వేసిన చోట జారుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఉంటుంది, సాయంత్రం వచ్చేటప్పుడు ఒక్కోరోజు ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది. ఆ రోజు స్పీడు చూసుకోకు, ఒక గేరు తగ్గించి కాళ్లు తేలిగ్గా తిప్పుతూ రా, ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనీ. వానలో తడిసిన రోజు రాత్రే చెయిన్ గుడ్డతో తుడిచి నాలుగు చుక్కలు ఆయిల్ వెయ్యి, మర్నాటికే తుప్పు ఎర్రగా కనిపిస్తుంది.

చెమట. బ్యాగు వీపుకి తగిలించుకోకు, సగం చెమట అక్కడే. క్యారియర్‌కి పక్కన తగిలించే బ్యాగు కొను, లాప్‌టాప్‌ని స్పాంజి కవర్‌లో పెట్టి నిలువుగా పెట్టు. చివరి రెండు కిలోమీటర్లు బాగా నెమ్మదిగా వెళ్లు. ఆఫీసుకి వెళ్లగానే స్నానానికో బట్టలు మార్చుకోవడానికో పరిగెత్తకు, సైకిల్ దిగిన తర్వాతే చెమట ఎక్కువ పడుతుంది, పావుగంట ఫ్యాను కింద కూర్చుని మంచినీళ్లు తాగి అప్పుడు మార్చుకో. మీ బిల్డింగ్‌లో జిమ్ ఉంటే షవర్ ఉంటుంది, ఫెసిలిటీస్ వాళ్లని అడుగు, అడిగితేనే చెప్తారు. లేకపోయినా పర్వాలేదు, తడి తువ్వాలుతో తుడుచుకుంటే చాలు, నేను మొదటి ఏడాదంతా అలాగే చేశా. చెప్పులు, బూట్లు, ఒక జత బట్టలు, దువ్వెన ఆఫీసులోనే ఉంచెయ్. చుడీదార్ మీద వెళ్తే చున్నీ వెనక్కి వేసి గట్టిగా ముడి వెయ్యి, ప్యాంటు కుడికాలికి రబ్బర్ బ్యాండు, చెయిన్ అటే ఉంటుంది. నెలసరి రోజుల్లో ఒక్కోసారి వెళ్తా, ఒక్కోసారి వెళ్లను, ఒంటిని బట్టే.

ఇక అమ్మ భయం. అమ్మ భయంలో న్యాయం ఉంది. ట్రాక్ మీద లైట్లు ఉన్నాయి, కానీ మళ్లీ ఆ రెండు చివర్ల దగ్గర చీకటి, ఖాళీ స్థలాలు, కుక్కలు. నేను నవంబరు నుంచి జనవరి దాకా ఐదుంపావుకే ఆఫీసు దిగేస్తా, మేనేజరుతో ముందే మాట్లాడుకుని పొద్దున త్వరగా వెళ్తా. ఏడు దాటిందంటే సైకిల్ అక్కడే వదిలేసి క్యాబ్ ఎక్కుతా, ఒక్కసారి కూడా ఈ నియమం తప్పలేదు. ఫోన్‌లో లైవ్ లొకేషన్ మా అబ్బాయికి ఆన్‌లో ఉంటుంది. వెనక లైటు పగలు కూడా వేసుకునే ఉంటా. కుక్కలు వెంటపడితే పారిపోవాలని చూడకు, దిగి సైకిల్‌ని నీకూ దానికీ మధ్య పెట్టుకుని నెమ్మదిగా నడువు, చాలావరకు ఆగిపోతాయి. ఇంకా నీకు తోడు కావాలంటే మంగళ, గురువారాల్లో పొద్దున నేను కొల్లూరు దగ్గర ఎక్కుతా, నాతోపాటు ఇంకో ఇద్దరు వస్తారు, ఒకావిడ టీచరు. అమ్మని కూడా ఒకసారి స్కూటీ మీద ట్రాక్ దాకా తీసుకొచ్చి చూపించు, మా అమ్మకి అలాగే భయం పోయింది, కూర్చుని చూసింది, మా టీచరమ్మతో మాట్లాడింది, అంతే.

ఫ్రేమ్ సైజు గురించి అడిగావు గానీ నీ ఎత్తు రాయలేదు. గోడకి ఆనుకుని నిలబడి కాళ్ల మధ్య పుస్తకం పెట్టుకుని దాని పైఅంచు నుంచి నేలకి ఎంతుందో కొలిచి, ఎత్తు కూడా కలిపి రెండూ పంపు, షాపుకి వెళ్లకముందే సైజు చెప్తా.